అమెరికా పౌర హక్కుల న్యాయ కార్యాలయాల్లో డిగ్రీ విద్యార్థులకు ప్యారాలీగల్ ఇంటర్న్‌షిప్: సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఇంటర్న్‌షిప్ అనగానే సాఫ్ట్‌వేర్ కంపెనీయో ఆసుపత్రి ప్రయోగశాలో గుర్తుకొస్తుంది. లా స్కూల్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు, అందులోనూ పౌర హక్కుల న్యాయం మీద మనసున్నవారికి, దారి చెప్పగల పెద్దవాళ్లు చుట్టాల్లోనూ స్నేహితుల్లోనూ అరుదుగా దొరుకుతారు. అయితే ఈ రంగం మనకు పరాయిదేమీ కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన వ్యక్తి మరుసటి ఏడాది ఫెడరల్ విద్వేష నేరాన్ని ఒప్పుకుని జీవిత ఖైదు పొందాడు. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు వాహనం ఢీకొని కందుల జాహ్నవి మరణించిన తర్వాత, ఒక అధికారి ఒంటి మీది కెమెరాలో నమోదైన మాటలు బయటికి వచ్చి తెలుగు రాష్ట్రాల దాకా ఆగ్రహం రేపాయి. ఇలాంటి ఘటనలప్పుడు ఆవేశం కొన్ని వారాలుంటుంది. ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, సాగేది కాగితాల పని. ఆ కాగితాల పనిలో, అంటే న్యాయవాది కాకుండానే న్యాయవాదికి సాయపడే ప్యారాలీగల్ తరహా పనిలో, డిగ్రీ విద్యార్థికి చోటుంది. ఆ చోటు సంపాదించడం ఎలాగో, సంపాదించాక ఏం చేయాలో ఈ మార్గదర్శిలో వరుసగా చెబుతాను. అమెరికాలో బ్యాచిలర్స్ చదువుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

మొదటి అడుగు: ఏ చట్టం కింద ఏ పని నడుస్తుందో తెలుసుకోవడం

దరఖాస్తు రాయడానికి ముందే నాలుగైదు చట్టాల స్వరూపం మనసులో ఉండాలి. పోలీసులు, జైలు సిబ్బంది, ప్రభుత్వ పాఠశాలల అధికారులు రాజ్యాంగ హక్కులను ఉల్లంఘించారన్న దావాలకు ఆధారం 1871 నాటి చట్టం. దాన్ని కార్యాలయాల్లో అందరూ సెక్షన్ 1983 అనే పిలుస్తారు. ఉద్యోగంలో జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా చూపే వివక్షకు 1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ 7 వర్తిస్తుంది. ఫెడరల్ నిధులు అందుకునే సంస్థలకు అదే చట్టంలోని టైటిల్ 6, ఓటు హక్కుకు 1965 చట్టం, ఇళ్ల అద్దెలు, అమ్మకాలకు 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం, వైకల్యానికి 1990 అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం (ఏడీఏ) వర్తిస్తాయి.

పేర్లు తెలిస్తే చాలదు. ఏది ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలియాలి. టైటిల్ 7 కనీసం 15 మంది ఉద్యోగులున్న యజమానికే వర్తిస్తుంది. పది మంది పనిచేసే మోటెల్‌లో జాతి వివక్ష జరిగితే ఆ చట్టం పనికిరాదు కానీ, 1866 చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1981కి అలాంటి సంఖ్యా పరిమితి లేదు. ఫోన్ చేసిన వ్యక్తిని ‘మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు’ అని అడగాలని తోచిన ఇంటర్న్‌కూ, తోచని ఇంటర్న్‌కూ ఉన్న తేడా ఇక్కడే మొదలవుతుంది.

కులం విషయం విడిగా చెప్పాలి. కులాన్ని వివక్ష నిషేధ చట్టంలో చేర్చిన తొలి అమెరికా నగరం సియాటిల్, 2023 ఫిబ్రవరిలో. అదే ఏడాది కుల వివక్షను నిషేధించడానికి కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఎస్‌బీ 403 బిల్లును గవర్నర్ అక్టోబరులో వీటో చేశారు. అంతకుముందు 2020లో ఆ రాష్ట్ర పౌర హక్కుల సంస్థ సిస్కో కంపెనీపై కుల వివక్షను ఆరోపిస్తూ దావా వేసింది. ఈ వివాదంలో తెలుగు కుటుంబాలు రెండు వైపులా ఉన్నాయి. ఇంటర్వ్యూలో ఈ ప్రస్తావన వస్తుందనుకునే వెళ్లండి. మీ ఇంట్లో వినిపించే అభిప్రాయాన్ని పక్కనపెట్టి, బిల్లు పాఠం, వీటో సందేశం రెండూ చదివి మాట్లాడండి.

రెండో అడుగు: కార్యాలయాన్ని ఎంచుకోవడం

పెద్ద పేర్లు అందరికీ తెలిసినవే: 1920లో మొదలైన ఏసీఎల్‌యూ (అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్), 1940లో థర్‌గుడ్ మార్షల్ స్థాపించిన ఎన్‌ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్, 1963లో అధ్యక్షుడు కెనడీ కోరిక మేరకు ఏర్పడిన లాయర్స్ కమిటీ. ఆసియా మూలాలవారి కోసం న్యూయార్క్‌లో 1974 నుంచి ఏఏఎల్‌డీఈఎఫ్ (ఏషియన్ అమెరికన్ లీగల్ డిఫెన్స్ అండ్ ఎడ్యుకేషన్ ఫండ్) పనిచేస్తోంది. ఎన్నికల రోజున ఆ సంస్థ నడిపే ఎగ్జిట్ పోల్, పోలింగ్ పర్యవేక్షణ పనులకు ఆసియా భాషలు తెలిసిన వాలంటీర్లు కావాలి. ఇంటర్న్‌షిప్ దొరక్కముందే ఈ రంగంలో ఒక రోజు పనిచేసి చూడటానికి అది సులువైన దారి.

ప్రభుత్వంలో చూస్తే, 1957లో ఏర్పడిన న్యాయశాఖ పౌర హక్కుల డివిజన్, ఉద్యోగ వివక్షను చూసే ఈఈఓసీ ప్రధానమైనవి. న్యాయశాఖ ఇంటర్న్‌షిప్‌కు అమెరికా పౌరసత్వం, నేపథ్య పరిశీలన అడుగుతారు కాబట్టి నెలల ముందే దరఖాస్తు చేయాలి. 2025లో ఆ డివిజన్ నుంచి చాలామంది అనుభవజ్ఞులైన న్యాయవాదులు వెళ్లిపోయారు, ప్రాధాన్యాలు కూడా మారాయి. పాత ఇంటర్న్‌ల అనుభవాలు విని అదే పని దొరుకుతుందని ఆశపడకుండా, ప్రస్తుతం ఏ విభాగం ఏ దావాలు వేస్తోందో చూసుకోండి. రాష్ట్ర సంస్థలు మనవాళ్ల దృష్టికి రావు కానీ, న్యూజెర్సీ డివిజన్ ఆన్ సివిల్ రైట్స్, కాలిఫోర్నియా సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్, టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లోని పౌర హక్కుల విభాగం మన కుటుంబాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ ఒక సంస్థ ఉండాలి. పేదలకు ఉచిత న్యాయసాయం చేసే లీగల్ ఎయిడ్ కార్యాలయాలు కూడా మంచివే కానీ, లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ నిధులతో నడిచేవి క్లాస్ యాక్షన్ దావాలు వేయకూడదు; పెద్ద సమష్టి వ్యాజ్యం చూడాలన్న కోరిక అక్కడ తీరదు.

నన్నడిగితే, పేరున్న జాతీయ సంస్థ కేంద్ర కార్యాలయం కన్నా నలుగురైదుగురు న్యాయవాదులున్న ప్రైవేటు వాది పక్ష కార్యాలయం డిగ్రీ విద్యార్థికి ఎక్కువ పని నేర్పుతుంది. పెద్ద సంస్థల్లో లా స్కూల్ విద్యార్థులు, పూర్తికాలపు ప్యారాలీగల్‌లు వరుసలో ముందుంటారు కాబట్టి డిగ్రీ విద్యార్థి వార్తల క్లిప్పింగుల దగ్గర, సమావేశాల నోట్సుల దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. చిన్న కార్యాలయంలో కేసు ఫైలు మొత్తం చేతికి వస్తుంది. ఇలాంటి కార్యాలయాలు నిలబడటానికి కారణం 1976 నాటి సెక్షన్ 1988: పౌర హక్కుల దావాలో గెలిచిన వాదికి న్యాయవాది ఫీజును ప్రతివాది చేత ఇప్పించే అధికారం అది కోర్టుకు ఇస్తుంది. ఈ కార్యాలయాలను వెతకడానికి ప్రకటనల మీద ఆధారపడవద్దు. మీ జిల్లా ఫెడరల్ కోర్టులో ఇటీవల దాఖలైన సెక్షన్ 1983, టైటిల్ 7 దావాలను కోర్ట్‌లిసనర్ (CourtListener) వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసి, వాది తరఫున సంతకం చేసిన న్యాయవాదులెవరో రాసుకోండి. అక్కడ దొరకనప్పుడు కోర్టుల సొంత ఆన్‌లైన్ రికార్డుల వ్యవస్థ పేసర్ ఉంది: పేజీకి 10 సెంట్లు, మామూలు పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు, మూడు నెలల్లో మొత్తం 30 డాలర్లు దాటకపోతే మాఫీ.

మూడో అడుగు: వీసా, వేతనం

ఈ అడుగును చివరికి వాయిదా వేసి చిక్కుల్లో పడేవారు ఎక్కువ. ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సాధారణంగా సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) కావాలి. దానికి ముందు ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి, పని పాఠ్యక్రమంలో భాగం కావాలి, యజమాని పేరుతో ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) మీద అనుమతి నమోదయ్యాకే మొదటి రోజు పనిలో కూర్చోవాలి. కంప్యూటర్ సైన్స్ చదువుతూ న్యాయ కార్యాలయంలో సీపీటీ అడిగితే పాఠ్యక్రమంతో సంబంధం చూపడం కష్టం. పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, పబ్లిక్ పాలసీ వారికి కోర్సు క్రెడిట్ ద్వారా దారి సుగమం. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ (చదువుకు సంబంధించిన రంగంలో పనిచేసే మరో అనుమతి) పోతుంది. వేసవిలో మూడు నెలలు చేసినవారికి ఆ భయం లేదు.

జీతం లేదు కాబట్టి అనుమతి కూడా అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వేతనంతో చేయించే పనిని ఉచితంగా చేసినా అది ఉద్యోగంగా లెక్కకు రావచ్చు. కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, జవాబు కూడా రాతలోనే తెచ్చుకోండి. తల్లిదండ్రుల హెచ్-1బీ మీద హెచ్-4గా ఉన్న పిల్లలకు ఉద్యోగ అనుమతి ఉండదు. 21 ఏళ్లు నిండితే ఆ హోదా కూడా పోతుంది. వీరు దరఖాస్తుకు ముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి.

వేతనం సంగతికి వస్తే, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు వాలంటీర్లను తీసుకోవచ్చు. లాభాపేక్ష ఉన్న ప్రైవేటు కార్యాలయం జీతం ఇవ్వకుండా ఇంటర్న్‌ను పెట్టుకోవాలంటే ఆ ఏర్పాటు వల్ల ప్రధానంగా లాభం పొందేది విద్యార్థేనా అన్న పరీక్షకు నిలవాలి. 2015లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఒక సినిమా కంపెనీ ఇంటర్న్‌ల కేసులో చెప్పిన ఆ పరీక్షను 2018లో కార్మిక శాఖ కూడా స్వీకరించింది. కాబట్టి చిన్న కార్యాలయాన్ని గంటకు ఎంత ఇస్తారని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. జీతం లేని చోటు నచ్చితే, మీ కాలేజీ కెరీర్ సెంటర్‌లో ప్రజా ప్రయోజన ఇంటర్న్‌షిప్‌ల కోసం స్టైపెండ్ ఉందేమో అడగండి.

నాలుగో అడుగు: దరఖాస్తు

వేసవి కోసమైతే అంతకుముందు అక్టోబరు నుంచే వెతకడం మొదలుపెట్టాలి. చిన్న కార్యాలయాలు మార్చి, ఏప్రిల్ దాకా కూడా తీసుకుంటాయి. రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదు. అందులో డిబేట్ బహుమతుల కన్నా, ఎక్సెల్‌లో పెద్ద జాబితాను సరిచేసిన అనుభవం, కాలేజీ పత్రికలో సమాచారం సరిచూసిన అనుభవం, కస్టమర్ సర్వీసులో కోపంగా ఉన్నవారితో మాట్లాడిన అనుభవం ఎక్కువ పనికొస్తాయి. తెలుగు వస్తే ‘మాట్లాడగలను’ అని ఊరుకోకుండా చదవడం, రాయడం, అనువదించడం ఏ స్థాయిలో వచ్చో విడివిడిగా రాయండి. ఇంట్లో మాట్లాడటం తప్ప చదవడం రాకపోతే ఆ మాటే రాయడం మేలు, ఎందుకంటే మొదటి వారంలోనే ఎవరో ఒక ఉత్తరం తెచ్చి చేతిలో పెడతారు.

కవర్ లెటర్‌లో న్యాయం మీద మీకున్న తపన గురించి పేరాలు రాయకండి. ఆ కార్యాలయం వేసిన ఒక దావా ఫిర్యాదును పూర్తిగా చదివి, అందులో మీకు ఆసక్తి కలిగించిన ఒక అంశాన్ని రెండు వాక్యాల్లో చెప్పండి. ఆ తర్వాత మీరు చేయగల పని, వారానికి ఇవ్వగల గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకన్నది రాయండి. నియామకం చూసే ప్యారాలీగల్ లేదా న్యాయవాది ఈ ఉత్తరాలను దావాల మధ్య ఖాళీలో చదువుతారు. రాత నమూనా అడిగితే ఐదారు పేజీల్లో ఆధారాలతో వాదించిన కోర్సు వ్యాసం ఇవ్వండి.

ఇంటర్వ్యూలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: క్లయింట్ చెప్పినదాన్ని మీరు నమ్మకపోతే ఏం చేస్తారు? నమ్మడం, నమ్మకపోవడం ఇంటర్న్ పని కాదని, చెప్పినది చెప్పినట్టు రాసి, దాన్ని బలపరిచే లేదా కాదనే పత్రం ఏది ఉండొచ్చో న్యాయవాదికి చెబుతానని అంటే సరిపోతుంది. మీరు అడగవలసిన ప్రశ్నలు రెండు: నా పనిని ఏ న్యాయవాది చూస్తారు? కేసు ఫైళ్లలో నేనేం చేస్తాను? ఈ రెండింటికీ స్పష్టమైన జవాబు రాని చోటికి, ఎంత పేరున్నదైనా, వెళ్లాలా వద్దా అని ఆలోచించుకోండి.

ఐదో అడుగు: మొదటి వారంలోనే గీత తెలుసుకోవడం

న్యాయవాది కాని సిబ్బంది ప్రవర్తనకు పర్యవేక్షించే న్యాయవాది బాధ్యత వహించాలని అమెరికన్ బార్ అసోసియేషన్ ఆదర్శ నియమాల్లో 5.3 చెబుతుంది. క్లయింట్ సమాచార గోప్యతను 1.6 నిర్దేశిస్తుంది. అంటే మీరు చేసిన పొరపాటు ఆయన లైసెన్సు మీదికి రాగలదు. లైసెన్సు లేకుండా న్యాయ సలహా ఇవ్వడం చట్టవిరుద్ధం. లా స్కూల్ విద్యార్థులను పర్యవేక్షణలో కోర్టుకు హాజరవనిచ్చే నియమాలున్నాయి కానీ అవి డిగ్రీ విద్యార్థికి వర్తించవు.

ఈమెయిల్ కింద మీ హోదా ఏమని పెట్టుకోవాలో కూడా అడిగి తెలుసుకోండి. కాలిఫోర్నియాలో నిర్దేశిత అర్హతలు లేనివారు తమను ప్యారాలీగల్ అని చెప్పుకోకూడదు. ‘లీగల్ ఇంటర్న్’ అన్నది క్షేమం. క్లయింట్ పేరు ఇంట్లో చెప్పకూడదు, కేసు వివరాలు చాట్‌బాట్‌లో పెట్టకూడదు, కార్యాలయ పత్రాలు సొంత ఈమెయిల్‌కు పంపుకోకూడదు. కేసుల పేర్లను కృత్రిమ మేధ చెప్పినట్టే రాసేస్తే ఏమవుతుందో 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఒక విమానయాన సంస్థ కేసులో చూపించింది: లేని తీర్పులను ఉదహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఉదహరించిన ప్రతి తీర్పును తెరిచి, ఆ పేజీలో ఆ మాట ఉందో లేదో కళ్లతో చూడటం మీ పనుల్లో ఒకటి.

ఆరో అడుగు: అసలు పని

ఇన్‌టేక్ ఫోన్‌తో, అంటే సాయం కోరుతూ కొత్తగా వచ్చే ఫోన్‌తో, మొదలుపెడదాం. కథ వినడానికి ముందు అవతలి వ్యక్తి పేరు, ఎవరి మీద ఫిర్యాదో ఆ పేర్లు మాత్రం తీసుకుని కాన్‌ఫ్లిక్ట్ తనిఖీ చేయించండి. మీ కార్యాలయం ఇప్పటికే అవతలి పక్షానికి పనిచేస్తూ ఉంటే, విన్న ప్రతి మాటా ఇబ్బందే. తనిఖీ అయ్యాక చివరి ఘటన తేదీ అడగండి. గడువులు ఈ రంగంలో నిర్దాక్షిణ్యంగా ఉంటాయి. ఈఈఓసీకి ఫిర్యాదు 180 రోజుల్లో చేయాలి. ఆ వివక్షను నిషేధించే రాష్ట్ర లేదా స్థానిక సంస్థ ఉన్నచోట 300 రోజులు. ఈఈఓసీ దావా హక్కు లేఖ ఇచ్చాక కోర్టుకు వెళ్లడానికి 90 రోజులే. ఇళ్ల అద్దెలు, అమ్మకాల్లో వివక్షపై ఫెడరల్ గృహ శాఖ హడ్‌కు ఏడాది, కోర్టుకు రెండేళ్లు. సెక్షన్ 1983కి ఆ రాష్ట్రపు శారీరక హాని దావాల గడువే వర్తిస్తుంది కాబట్టి రాష్ట్రానికో లెక్క. అదే ఘటనపై రాష్ట్ర చట్టం కింద కూడా ప్రభుత్వ సంస్థపై దావా వేయాలంటే దానికి ముందస్తు నోటీసు ఇవ్వాలి: న్యూయార్క్, న్యూజెర్సీలలో 90 రోజులు, కాలిఫోర్నియాలో ఆరు నెలలు.

గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందన్నది మరో చిక్కు. ఉద్యోగం నుంచి తీసేసిన కేసుల్లో, చివరిగా పనిచేసిన రోజు నుంచి కాకుండా, తీసేస్తున్నామని తెలియజేసిన రోజు నుంచి గడియారం నడుస్తుందని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ‘జూన్ నెలాఖరున మానేశాను’ అని ఫోన్ చేసినాయన అంటే, ‘మానేయాలని మీకు మొదట ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు, ఈమెయిల్ ఉందా’ అని అడగాలి. లెక్క మీరు వేసి చూసుకోవచ్చు కానీ గడువు తేదీని ఫోన్‌లో చెప్పకండి. విషయం న్యాయవాది ముందు పెడతామని చెప్పి, దగ్గరపడిన గడువు కనిపిస్తే ఆ సాయంత్రం దాకా ఆగకుండా న్యాయవాది గదికి వెళ్లండి.

ఆ తర్వాతి పని కాలక్రమ పట్టిక. ఈ ఒక్క పనిలో నేర్పు సాధించిన ఇంటర్న్‌ను ఏ కార్యాలయమూ వదులుకోదు. ఎక్సెల్‌లో ఐదు నిలువు వరుసలు చాలు: తేదీ, సమయం, ఏం జరిగింది, ఏ పత్రం ఏ పేజీలో ఉంది, ఎవరు చెప్పారు. ప్రతి అడ్డ వరుసలో ఒకే ఘటన ఉండాలి. రెండు పత్రాలు విభేదిస్తే ఏది నిజమో మీరు తేల్చవద్దు. రెండు వరుసలూ రాసి, తేడా ఉందని గుర్తు పెట్టండి. దావా గతి మారేది చాలాసార్లు ఆ తేడాల దగ్గరే.

పోలీసు కేసుల్లో కెమెరా వీడియో లాగ్ తయారు చేయమంటారు. పోలీసులు ఒంటికి పెట్టుకునే ఆక్సాన్ కంపెనీ కెమెరా వీడియోల్లో మూలన కనిపించే సమయం సాధారణంగా స్థానిక సమయం కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. డల్లాస్‌లో వేసవి సాయంత్రం 6:20కి జరిగిన ఘటన తెర మీద 23:20గా కనిపిస్తుంది. శీతకాలమైతే తేడా ఆరు గంటలు. ఇది గమనించకుండా పోలీసులను ఘటనా స్థలానికి పంపిన డిస్పాచ్ రికార్డుతో పోల్చితే ప్రతి ఘటనా తప్పు చోట పడుతుంది. రికార్డింగ్ బటన్ నొక్కడానికి ముందున్న కొద్ది సెకన్లను, చాలా చోట్ల 30 సెకన్లను, కెమెరా ధ్వని లేకుండా నిలువ చేస్తుంది. అక్కడ మాటలు వినపడకపోవడాన్ని ఎవరో చెరిపేశారని రాయకండి. లాగ్‌లో విశేషణాలు వద్దు. ‘అధికారి దురుసుగా డ్రైవర్‌ను దింపాడు’ అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. ‘23:20:41 — అధికారి ఎడమ చేత్తో తలుపు తెరిచి, ‘దిగు’ అని రెండుసార్లు అన్నాడు. డ్రైవర్ రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపిస్తున్నాయి’ అని రాస్తే, డిపాజిషన్‌లో (విచారణకు ముందు ప్రమాణం చేయించి సాక్షిని ప్రశ్నించేటప్పుడు) న్యాయవాది సరిగ్గా ఆ క్షణం దగ్గర వీడియో ఆపి ప్రశ్న వేయగలరు. ఇలాంటి వీడియోలు మనసును కలచివేస్తాయి. గంటల తరబడి ఒక్కరే కూర్చుని చూడకండి, విరామం కావాలని అడగండి. అడిగినందుకు ఎవరూ చులకనగా చూడరు.

వీడియో ఇంకా చేతికి రాకపోతే, పోలీసు శాఖ నిలువ గడువు ముగిసి అది చెరిగిపోకముందే భద్రపరచాలని లేఖ పంపాలి. దాన్ని మీరు ముసాయిదా చేస్తే న్యాయవాది సంతకం చేస్తారు. సమాచార అభ్యర్థనలు కూడా మీ చేతికే వస్తాయి. కొత్తవారు నగర పోలీసులకు ఫోయా (ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ చట్టం) కింద రాస్తుంటారు. ఆ చట్టం ఫెడరల్ సంస్థలకే, 20 పని దినాల గడువుతో వర్తిస్తుంది. నగరానికి రాష్ట్ర చట్టం పేరు చెప్పాలి: న్యూజెర్సీలో ఓప్రా (ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ చట్టం), జవాబుకు మామూలుగా 7 పని దినాలు, కాలిఫోర్నియాలో పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 10 రోజులు.

విచారణకు ముందు రెండు పక్షాలూ పత్రాలు ఇచ్చిపుచ్చుకునే డిస్కవరీలో వేల పేజీలు వస్తాయి. ప్రతి పేజీకి బేట్స్ నంబరు అనే వరుస సంఖ్య వేయడం, న్యాయవాదికీ క్లయింటుకూ మధ్య నడిచిన ఉత్తరాలు అవతలి పక్షానికి వెళ్లకుండా విడదీయడం ఓపికతో చేయవలసినవి. కోర్టులో దాఖలు చేసే పత్రాల్లో ఫెడరల్ నియమం 5.2 ప్రకారం సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబర్లలో చివరి నాలుగు అంకెలే, పుట్టిన తేదీలో సంవత్సరమే, మైనర్ పేరుకు పొడి అక్షరాలే ఉండాలి. వర్డ్‌లో నల్ల పెట్టె పెడితే కింది అక్షరాలు కాపీ చేసుకోగలిగేలా అలాగే ఉంటాయి. పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌లోని రెడాక్షన్ సాధనం వాడి, ఆ చోటు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూశాకే పంపండి.

మీ గంటలను ఆరేసి నిమిషాల లెక్కన, చేసిన పని పేరుతో, ఆ రోజే రాయండి. ప్యారాలీగల్ పనికి మార్కెట్ ధర ప్రకారం ఫీజు ఇప్పించవచ్చని సుప్రీంకోర్టు 1989లో మిజోరీ వర్సెస్ జెంకిన్స్‌లో చెప్పింది కాబట్టి, మీ టైమ్‌షీట్ ఎప్పుడో ఒక రోజు న్యాయమూర్తి ముందుకు వెళ్లవచ్చు. ‘ఫైలు పని — 5 గంటలు’ అన్న పద్దును అవతలి న్యాయవాది సులువుగా కొట్టేయిస్తాడు.

ఏడో అడుగు: తెలుగును పనిముట్టుగా వాడటం

తెలుగు మాట్లాడే ఇంటర్న్ ఉన్నారని తెలియగానే ఫోన్లు మీ వైపు మళ్లుతాయి. ఫోన్ చేసినవారికి తేదీ గుర్తుండదు, పండుగ గుర్తుంటుంది. ‘సంక్రాంతికి ముందు మా మేనేజర్ అన్నాడమ్మా’ అంటే, ఆ ఏడాది క్యాలెండర్ తెరిచి, ఆ వారంలో వాట్సాప్ సందేశమో జీతం చీటీయో ఉందా అని అడిగి తేదీ కట్టాలి. ఇండియా పత్రాల్లో 04-07-2023 అంటే జులై 4, అమెరికా పత్రాల్లో ఏప్రిల్ 7. అనువాదంలో నెల పేరును అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకుంటే 180 రోజుల లెక్క తారుమారు కాదు.

‘బాబూ, నీ చెల్లెలి లాంటి పిల్ల అనుకో, నా కేసు నిలుస్తుందా లేదా చెప్పు’ అని అడిగినప్పుడు మన పెంపకం మనల్ని ధైర్యం చెప్పమంటుంది. ‘అమ్మా, అది చెప్పే అర్హత నాకు లేదు, మీరు చెప్పినదంతా మా అటార్నీ గారికి ఒక్క మాట పోకుండా చెబుతాను’ అనాలి. అనువదించేటప్పుడు తిట్టును మెత్తబరచకండి. మేనేజర్ అన్నది బూతైతే బూతే రాయాలి, ఎందుకంటే ఆ మాటే సాక్ష్యం. కాల్‌లో బావమరిదో స్నేహితుడో పక్కన కూర్చుని వింటుంటే న్యాయవాదికి చెప్పండి; మూడో మనిషి ఉండటం వల్ల గోప్యతా రక్షణ దెబ్బతినవచ్చు.

వచ్చే తెలుగు ఫోన్లలో కొన్ని అసలు వివక్ష కేసులే కావు. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నప్పుడు కన్సల్టెన్సీ జీతం ఇవ్వలేదన్న హెచ్-1బీ ఫిర్యాదు కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి, ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు వెళ్లాలి. అలాంటివాటిని గుర్తించి న్యాయవాదికి చెప్పడం, ఆయన అనుమతితో సరైన కార్యాలయం పేరు ఇవ్వడం ఆ కుటుంబానికి నిజమైన సాయం. మన సమాజం చిన్నది. గుళ్లో ఎదురైన అంకుల్ ‘ఫలానా వాళ్లమ్మాయి మీ ఆఫీసుకు వచ్చిందట కదా’ అని ఆరా తీస్తే, వచ్చింది అనీ రాలేదు అనీ రెండూ అనకూడదు. ‘ఆఫీసు సంగతులు మాట్లాడటానికి లేదు అంకుల్’ అన్నంత మాత్రాన ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఎనిమిదో అడుగు: వదిలి వెళ్లేటప్పుడు

చివరి వారంలో ఏ కేసులో ఏ పని ఎక్కడ ఆగిందో, ఏ సమాచార అభ్యర్థనకు జవాబు రావలసి ఉందో, ఏ వీడియో ఎన్నో నిమిషం దాకా లాగ్ అయిందో ఒక అప్పగింత మెమో రాయండి. సిఫార్సు లేఖ అప్పుడే అడగండి. ఏడాది తర్వాత అడిగితే న్యాయవాదికి మీ ముఖం గుర్తున్నా పని గుర్తుండదు. రాత నమూనాగా ఏదైనా తీసుకెళ్లాలనుకుంటే పేర్లు తీసేసి, రాతపూర్వక అనుమతితోనే తీసుకెళ్లండి. మీరు తాకిన కేసుల పేర్లు, ప్రతివాదుల పేర్లతో జాబితాను ఎలా ఉంచుకోవాలో కూడా అడగండి. రేపు నగర అటార్నీ కార్యాలయంలోనో మరో లా ఫర్మ్‌లోనో చేరినప్పుడు, పాత కేసుల నుంచి మిమ్మల్ని దూరంగా ఉంచాల్సిన అవసరం ఉందో లేదో చూడటానికి ఆ జాబితా అడుగుతారు. దాన్ని మొదటి రోజు నుంచే రాసుకుంటూ వచ్చినవారికి అది పది నిమిషాల పని.